చేత్తో సాక్సులు అల్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా పిక్క దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దగ్గర ముగించే పద్ధతి గురించి. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ వచ్చే పద్ధతి కూడా ఉంది, అదీ మంచిదే. కానీ రెండూ ఒకేసారి నేర్చుకోబోతే రెండూ రావు. లెక్కలన్నీ 64 కుట్ల సాక్సుకి ఇచ్చాను. మీ కాలికి 64 సరిపోతుందో లేదో ముందు చూసుకోండి, అది ఎలాగో కింద ఉంది.

నాకు అల్లిక అసలు రాదు. నేరుగా సాక్సులతో మొదలుపెట్టొచ్చా?

నాలుగు పనులు చేతికి వస్తే చాలు: సూది మీద కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్, రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం. దారం వెనక ఉంచి అల్లేది నిట్, ముందుకు తెచ్చుకుని అల్లేది పర్ల్. అరచేతి వెడల్పున ఒక ముక్క అల్లితే ఈ నాలుగూ వచ్చేస్తాయి.

"ముందు మఫ్లర్ అల్లు, తర్వాత సాక్సుల సంగతి చూద్దాం" అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. మఫ్లర్‌లో మొదటి జానెడు దాటాక నేర్చుకునేదేమీ ఉండదు, విసుగు తప్ప. సగం మఫ్లర్లు సూదితో సహా బీరువాలోనే ఉండిపోతాయి. దానికి బదులు లావు దారం, 4 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని 32 కుట్లతో ఒక పసిపిల్లల సాక్సు అల్లండి. పెద్ద సాక్సులో ఉన్న మలుపులన్నీ అందులోనూ ఉంటాయి, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. బాగా రాకపోయినా పోయేదేం లేదు.

నాకు క్రోషియా వచ్చు. అది పనికొస్తుందా?

దారం వేళ్ళ మధ్య ఎంత బిగువుగా పట్టుకోవాలో మీ చేతికి ఇప్పటికే తెలుసు, సగం పని అదే. నరసాపురం వైపు సన్నటి నూలు దారంతో లేసు అల్లే చేతులకైతే సాక్సు దారం లావుగానే అనిపిస్తుంది. తేడా ఒక్కటే. క్రోషియాలో ఎప్పుడు చూసినా ఒకే కుట్టు తెరుచుకుని ఉంటుంది. ఇక్కడ 64 కుట్లూ సూదుల మీద తెరుచుకునే ఉంటాయి, సూది జారితే అవీ జారతాయి. మొదట్లో టెన్షన్ అంతా దానికే. క్రోషియా సూదిని మాత్రం పారేయకండి, జారిన కుట్టు పైకి లాగడానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

ఏమేం కొనాలి?

రెండు వైపులా మొన ఉన్న సూదులు ఐదు, 2.5 మిల్లీమీటర్లవి. లేదా మధ్యలో సన్నటి కేబుల్ ఉన్న సర్క్యులర్ సూది ఒకటి, కనీసం 80 సెంటీమీటర్ల పొడవుది. దాని కేబుల్‌ని మధ్యలోంచి బయటికి లాగి అల్లే పద్ధతిని మ్యాజిక్ లూప్ అంటారు. రెండిట్లో ఏది మంచిదని వాదించుకునేవాళ్ళు వాదించుకోనీ, సాక్సు ఒకేలా వస్తుంది. బస్సులో, ట్రైన్‌లో అల్లేవాళ్ళకు సర్క్యులరే నయం, విడి సూది సీటు కింద పడితే వెతుక్కోవాల్సిన పని ఉండదు. కొత్తవాళ్ళు స్టీలు కంటే వెదురు సూదులు తీసుకోండి, కుట్లు అంత తేలిగ్గా జారవు.

మన దగ్గర దొరికే సూదుల మీద మిల్లీమీటర్లకు బదులు ఒక్కోసారి పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 12 అంటే 2.75 మిల్లీమీటర్లు, 13 అంటే 2.25. ఇది తెలియక 8 నంబరు కొంటే అది 4 మిల్లీమీటర్ల సూది, స్వెటర్‌కి పనికొస్తుంది.

ఇవికాక కొలత టేపు, మొన మొద్దుగా ఉండే ఊలు సూది, గుర్తులకి రెండు మూడు సేఫ్టీ పిన్నులు. అంతే.

ఏ దారం? యాక్రిలిక్ పనికిరాదా?

మీకు కావలసింది సన్నటి నాలుగు పేటల ఊలు, 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ కలిసినది. 100 గ్రాములకి 400 మీటర్లు, కొంచెం అటూ ఇటూగా వస్తుంది. పెద్దవాళ్ళ జతకి అది సరిపోతుంది. ఉన్నికి సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం ఉంది, చెమటని పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. నైలాన్ లేకపోతే మడమ, వేళ్ళ దగ్గర త్వరగా అరిగిపోతుంది. లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే ఉతికితే ముడుచుకుపోకుండా శుద్ధి చేసిన ఉన్ని అని అర్థం.

మన ఊళ్ళలో ఫ్యాన్సీ షాపుల్లో ఊలు అని ఇచ్చేది ఎక్కువగా యాక్రిలిక్కే. నేర్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది, ధర తక్కువ, ఎన్నిసార్లు విప్పినా బాధ ఉండదు. ఇంట్లో పడుకునేటప్పుడు వేసుకోవడానికీ ఫర్వాలేదు. బూట్లలో వేసుకుని రోజంతా తిరిగితే మాత్రం చెమటకి వాసన వస్తుంది, నాలుగు ఉతుకులకి వదులైపోతుంది. ఇక ఉత్త కాటన్ దారం సాగితే సాగినట్టే ఉంటుంది, సాయంత్రానికల్లా సాక్సు చీలమండ దగ్గర కుప్పపడుతుంది. కాటనే కావాలంటే కొంచెం ఎలాస్టిక్ కలిసినది చూసుకోండి.

లచ్చిగా వచ్చే దారాన్ని ముందు ఉండ చుట్టుకున్నాకే అల్లడం మొదలుపెట్టండి. లచ్చి లోంచి నేరుగా అల్లితే పది నిమిషాల్లో చిక్కు పడుతుంది.

మన ఎండలకి ఊలు సాక్సులు ఎందుకండీ?

మే నెలలో విజయవాడలో వేసుకోమని ఎవరూ అనరు. లంబసింగిలో, ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజాము ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకి తెలుసు. ఏసీ ఆఫీసులో కాళ్ళు చల్లబడిపోయేవాళ్ళు ఉన్నారు. షికాగోలోనో టొరంటోలోనో పిల్లలున్న అమ్మానాన్నలు ఉన్నారు. మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఆడవాళ్ళు ఊలు సాక్సుల్ని రంగురంగుల గీతలు, కోణాలతో అల్లుతారు. లాహౌలీ సాక్సులకీ చేతి తొడుగులకీ 2021లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ అది కాలక్షేపం కాదు, చలికాలం అవసరం.

ఎన్ని కుట్లు ఎక్కించాలో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో మిగతాదేదీ చదవకపోయినా ఇదొక్కటి చదవండి. సాక్సు కాలికి పట్టకపోవడానికి నూటికి తొంభై పాళ్ళు కారణం ఇక్కడే ఉంటుంది. పుస్తకంలో 64 అని ఉంది కదా అని 64 ఎక్కించేస్తారు. ఆ 64 రాసినవాళ్ళ చేతి బిగువుకి, వాళ్ళు కొలిచిన కాలికి సరిపోయే సంఖ్య.

ముందు పాదం చుట్టుకొలత తీయండి. వేళ్ళకి కొంచెం ఇవతల, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట, నిలబడి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. తర్వాత అదే దారంతో, అదే సూదులతో గుండ్రంగా ఒక చిన్న గొట్టం అల్లండి. చదరం ముక్క అల్లి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే చాలామందికి పర్ల్ కొంచెం వదులుగా వస్తుంది, గుండ్రంగా అల్లేటప్పుడేమో పర్ల్ వరసలే ఉండవు. ఆ గొట్టాన్ని తడిపి, ఆరాక, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 30 నుంచి 32 ఉంటే బాగుంది. అంతకంటే తక్కువైతే అల్లిక జల్లెడలా ఉండి తొందరగా చిరుగుతుంది, ఒక సైజు సన్న సూదికి మారండి.

ఇప్పుడు లెక్క. పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లకి 32 కుట్లు అనుకుందాం. 22ని 3.2తో గుణిస్తే 70. సాక్సు కాలిని పట్టి ఉండాలి కాబట్టి అందులో పదో వంతు తీసేస్తే 63. నాలుగుతో భాగించబడే దగ్గరి సంఖ్య 64. అదే 20 సెంటీమీటర్ల పాదమైతే ఇదే లెక్కన 56 వస్తుంది.

మీ చేయి కొంచెం వదులై 10 సెంటీమీటర్లకి 28 కుట్లే వస్తున్నాయనుకోండి. అప్పుడు 64 కుట్ల సాక్సు చుట్టుకొలత 20 సెంటీమీటర్లకు బదులు దాదాపు 23 అవుతుంది, అంటే కాలికన్నా సాక్సే పెద్దది. మూడు సెంటీమీటర్ల తేడాకే బూట్లో ముడతలు పడి బొబ్బలు వస్తాయి.

కుట్లు ఎక్కించిన అంచు మడమ దాటి పైకి రావడం లేదు. ఏం చేయాలి?

విప్పేసి మళ్ళీ ఎక్కించడమే, వేరే దారి లేదు. ఈసారి ఒక సైజు లావు సూది మీద ఎక్కించి, మొదటి వరసలో సన్న సూదులకు మారండి. కుట్టుకీ కుట్టుకీ మధ్య కాస్త ఖాళీ వదలండి. కొలత చూసుకునేటప్పుడు పిక్కకి కాదు, మడమ నుంచి పాదం మలుపు మీదుగా చుట్టి చూడండి. అంచు అంత సాగాలి.

నాలుగైదు సూదులు ఒకేసారి పట్టుకోవడం ఎలా?

ఏ క్షణంలో చూసినా మీరు వాడేది రెండు సూదులే. మిగతావి ఊరికే వేలాడుతూ కుట్లు మోస్తుంటాయి. 64 కుట్లని నాలుగు సూదుల మీద 16 చొప్పున పంచి, ఐదో దానితో అల్లుతారు. గుండ్రంగా కలిపే ముందు అంచు ఎక్కడా మెలి తిరగకుండా బల్ల మీద పెట్టి చూసుకోండి. మెలి తిరిగిందని నాలుగు చుట్లయ్యాక తెలిస్తే సరిదిద్దడం కుదరదు.

సూదికీ సూదికీ మధ్య నిచ్చెన మెట్లలా ఖాళీ వస్తోందని చాలామంది అడుగుతారు. కొత్త సూది మీద మొదటి కుట్టుని గట్టిగా లాగుతుంటారు, దాంతో లాభం ఉండదు. రెండో కుట్టు అల్లేటప్పుడు లాగండి. మొదటిది అప్పుడే సర్దుకుంటుంది.

పై అంచు నుంచి 4, 5 సెంటీమీటర్లు రిబ్బు: రెండు నిట్, రెండు పర్ల్. తర్వాత 15 సెంటీమీటర్లు అంతా నిట్. ఇక్కడ చెప్పడానికి ఇంకేం లేదు, సినిమా చూస్తూ అల్లుకోవచ్చు.

మడమ తిప్పడం అంటేనే భయం. అంత కష్టమా?

చదివితే కష్టం, చేతిలో సూదులు పట్టుకుని చేస్తే కాదు. అందుకే ఇది చదివి అర్థం చేసుకోవాలని చూడకండి, ఒక్కో వాక్యం చదువుతూ అల్లండి.

64లో సగం, అంటే 32 కుట్లు మడమవి. మిగతా 32 పైపాదానివి, వాటిని ముట్టుకోకుండా పక్కన ఉంచండి. మడమ కుట్ల మీద ముందుకీ వెనక్కీ 32 వరసలు అల్లాలి. ఎదురు వరసలో, అంటే సాక్సు బయటికి కనిపించే వైపు, ఒక కుట్టుని అల్లకుండా జరిపి, పక్కది నిట్, మళ్ళీ ఒకటి జరిపి, పక్కది నిట్. వెనక వరసలో మొదటిది జరిపి మిగతావన్నీ పర్ల్. ఇలా జరిపిన కుట్ల వెనక దారం పోగు పడి, మడమ మందంగా, మెత్తగా వస్తుంది. రెండు అంచుల్లోనూ గొలుసులాంటి పెద్ద కుట్లు 16 చొప్పున కనిపిస్తాయి. ఇవి తర్వాత కావాలి.

ఇక తిప్పడం. ఎదురు వైపు: ఒకటి జరిపి, 16 నిట్ చేసి, రెండిటిని కలిపి ఒకటి చేసి, ఇంకొక్కటి నిట్ చేసి, అక్కడే తిప్పేయండి. 12 కుట్లు అల్లకుండా మిగిలాయి. మిగలాలి కూడా. వెనక వైపు: ఒకటి జరిపి, 3 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఇంకొకటి పర్ల్, తిప్పండి. ఇటు కూడా 12 మిగులుతాయి. ఇప్పుడు అల్లిన భాగానికీ అల్లని భాగానికీ మధ్య చిన్న సందు కళ్ళకి కనిపిస్తుంది. ఇక్కణ్ణుంచి లెక్క అక్కర్లేదు: సందుకి ఇవతలి కుట్టు ఒకటి, అవతలిది ఒకటి కలిపి అల్లండి, ఇంకొకటి అల్లి తిప్పండి. రెండు వైపులా కుట్లు అయిపోయేసరికి సూది మీద 18 ఉంటాయి. చేతిలోని బల్లపరుపు ముక్క ఒక్కసారిగా గిన్నెలా వంగి ఉంటుంది. ఎన్ని జతలు అల్లినవాళ్ళైనా అక్కడ ఒకసారి ఆగి చూసుకుంటారు.

18 రాకుండా 17 వచ్చిందంటే ఎక్కడో తిప్పడానికి ముందు ఆ "ఇంకొకటి" మర్చిపోయారన్నమాట.

మడమ పక్క మూలల్లో చిల్లులు పడుతున్నాయి.

మడమ అంచుల్లోని 16 గొలుసు కుట్ల లోంచి ఒక్కోదానికి ఒక కొత్త కుట్టు ఎత్తుతారు కదా. ఎత్తాక పైపాదం మొదలయ్యే మూలలో, కింద ఉన్న దారం పోగు పట్టుకుని మెలి తిప్పి 17వ కుట్టు కూడా ఎత్తండి. రెండు వైపులా. ఇప్పుడు మొత్తం 18, 17, 17, 32 కలిపి 84. ఒక చుట్టు మామూలుగా, ఒక చుట్టు రెండు మూలల్లో ఒక్కో కుట్టు తగ్గిస్తూ, ఇలా 10 సార్లు తగ్గిస్తే మళ్ళీ 64కి వస్తారు. అయినా చిన్న చిల్లు మిగిలితే చివర్లో తోక దారంతో లోపలి నుంచి బిగించేయొచ్చు.

పాదం ఎంత పొడవు అల్లాలి? వేళ్ళ దగ్గర ముగింపు ఎలా?

మడమ వెనక నుంచి కొలుస్తూ, మొత్తం పాదం పొడవుకి 5 సెంటీమీటర్లు తక్కువ వరకు నేరుగా అల్లండి. అక్కణ్ణుంచి వేళ్ళ భాగం. పక్కల్లో రెండేసి, మొత్తం నాలుగు కుట్లు చుట్టు విడిచి చుట్టు తగ్గిస్తూ 32కి రావాలి. తర్వాత ప్రతి చుట్టూ తగ్గిస్తూ 16కి. పైన 8, కింద 8 మిగులుతాయి.

వీటిని ఊలు సూదితో అతుకు తెలియకుండా కలపాలి. దారాన్ని ఒక మూర వదిలి కత్తిరించి సూదికి ఎక్కించండి. మొదట ముందు సూది మొదటి కుట్టులోకి పర్ల్ లాగా, వెనక సూది మొదటి కుట్టులోకి నిట్ లాగా దూర్చి లాగండి, రెండూ సూదుల మీదే ఉంటాయి. తర్వాత ఇదే పాట: ముందు సూది మీద నిట్ లాగా గుచ్చి తీసెయ్, పక్కది పర్ల్ లాగా గుచ్చి ఉంచు, వెనక సూది మీద పర్ల్ లాగా గుచ్చి తీసెయ్, పక్కది నిట్ లాగా గుచ్చి ఉంచు. పైకి అనుకుంటూ చేయండి. మధ్యలో ఫోన్ ఎత్తకండి.

దీనికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ పేరు అంటుకుంది. అప్పుడు ఇళ్ళలో ఆడవాళ్ళు సైనికులకి సాక్సులు అల్లి పంపేవారు. బూట్లలో రోజులకొద్దీ నడిచేవాళ్ళకి వేళ్ళ మీద అతుకు గట్టిగా ఉంటే పుండ్లు పడతాయి.

హవాయి చెప్పుల్లో వేసుకునేలా బొటనవేలు విడిగా అల్లడం కుదురుతుందా?

కుదురుతుంది, పైగా ఇది కొత్త ఆలోచనేం కాదు. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే పాత పట్నం శ్మశానాల్లో దొరికిన ఎర్ర ఊలు సాక్సులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.శ. 250కీ 420కీ మధ్యవి. వాటికి బొటనవేలు విడిగా ఉంటుంది, చెప్పుల్లో వేసుకోవడానికే. అయితే అవి రెండు సూదుల అల్లిక కాదు. ఒకే సూదితో, చిన్న చిన్న దారం ముక్కలతో ముడులు వేసుకుంటూ పోయే అంతకన్నా పాత పద్ధతి.

64 కుట్ల సాక్సుకి ఇలా చేయండి. బొటనవేలి మొదలు దాకా నేరుగా అల్లి, ఆ వైపు పైనుంచి 10, కింద నుంచి 10 కుట్లు తీసుకుని, మధ్య సందులో 4 కొత్త కుట్లు ఎక్కించండి. ఈ 24తో బొటనవేలి గొట్టం. చివర్లో గబగబా తగ్గించి, దారం కుట్లన్నిటి లోంచి లాగి బిగించేయండి. మిగిలిన 44కి, ఆ సందులోంచి 4 ఎత్తి కలిపితే 48. వాటితో మిగతా నాలుగు వేళ్ళకీ తొడుగు. బొటనవేలి వైపు తక్కువగా, చిటికెన వేలి వైపు ఎక్కువగా తగ్గిస్తే కాలి ఆకారం వస్తుంది. కుడి, ఎడమ వేరువేరని గుర్తుంచుకోండి. లేకపోతే రెండు కుడికాళ్ళు తయారవుతాయి.

మెట్టెలకి దారం పట్టుకుంటోంది.

గీతలు, ముత్యాలు ఉన్న మెట్టెలైతే పట్టుకుంటుంది. నున్నటి చుట్టు మెట్టెలతో ఇబ్బంది ఉండదు. తీయడం ఇష్టం లేనివాళ్ళు లోపల పల్చటి కాటన్ సాక్సు వేసుకుని పైన ఇది వేసుకోవచ్చు, దానికి తగ్గట్టు నాలుగు కుట్లు పెంచుకోండి. పోగు బయటికి వస్తే కత్తిరించకండి, ఊలు సూదితో లోపలికి లాగి అటూ ఇటూ సర్దితే చాలు.

మా అత్తగారికి అల్లి ఇద్దామనుకుంటున్నాను. పెద్దవాళ్ళకి ఏమైనా జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. అన్నిటికన్నా ముందుది, జారడం. మన ఇళ్ళలో గ్రానైట్, టైల్స్, మార్బుల్. వాటి మీద ఊలు సాక్సు వేసుకుని నడిస్తే జారుతుంది, అందులోనూ బాత్రూం దగ్గర. కాబట్టి మంచం మీద మాత్రమే వేసుకుంటారనే నమ్మకం లేకపోతే అరికాలికి పట్టు ఉండే ఏర్పాటు చేయాల్సిందే. బట్టల మీద వేసే ఉబ్బెత్తు రంగు దొరుకుతుంది, దానితో అరికాలంతా చుక్కలు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వండి. లేదా రెక్సిన్ ముక్క కుట్టేయండి.

రెండోది, పై అంచు. సాయంత్రానికి కాళ్ళు వాచేవాళ్ళకి సాయంత్రం పూటే కొలత తీయండి. రిబ్బుని ఇంకా వదులుగా, ఒక సైజు లావు సూదితో అల్లండి. విప్పాక చర్మం మీద గాడి కనిపిస్తే అది బిగుతు కిందే లెక్క. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకైతే లోపల ముడులేవీ ఉండకూడదు, గుచ్చుకున్నా వాళ్ళకి తెలియదు. వాళ్ళ విషయంలో డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి.

ఒకటి అల్లాను. రెండోది మొదలుపెట్టడానికి మనసు రావడం లేదు.

అందరికీ ఉన్నదే. మొదటిది ముగించిన రోజే, సూదులు పక్కన పెట్టకముందే, రెండోదానికి కుట్లు ఎక్కించి నాలుగు చుట్లు రిబ్బు అల్లేయండి. ఇంకో మాట: మొదటిదానికి ఎన్ని చుట్లు అల్లారో ఎక్కడో రాసి పెట్టుకోండి. లేదంటే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

మధ్యలో కుట్టు జారిపోయి కిందికి దిగుతోంది!

ముందు సేఫ్టీ పిన్ను పెట్టి ఆపండి. తర్వాత క్రోషియా సూదితో ఒక్కో అడ్డపోగునీ పట్టి లాగుతూ పైకి రండి. ఎదురు వైపు నుంచే చేయండి.

అల్లి అమ్మితే గిట్టుబాటు అవుతుందా?

కష్టం. 64 కుట్ల సాక్సు ఒక్కోదానికి సుమారు 12 వేల కుట్లు పడతాయి. నిమిషానికి 30 కుట్లు వేసే చేయికి కూడా ఆరున్నర గంటలు దాటుతుంది, జతకి 13 పైనే. దారం ఖర్చు సరేసరి. మెషీన్ సాక్సులతో పోటీ పడే ఓపిక ఉంటే తప్ప వద్దు. ఆ పోటీ నిన్నా మొన్నటిది కాదు, ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రం చేసింది 1589లో. అడిగినవాళ్ళకి అల్లి ఇవ్వండి, దారం మాత్రం వాళ్ళనే కొనుక్కు రమ్మనండి.

ఉతకడం, దాచడం, చిరిగితే?

చన్నీళ్ళలో కొంచెం ఈజీ లాంటి ఊలు లిక్విడ్ వేసి పావుగంట నానబెట్టి, పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరేయండి. వేడినీళ్ళు, రుద్దడం రెండూ కలిస్తే సూపర్‌వాష్ కాని ఉన్ని ముద్దకట్టి, పిల్లల సైజుకి కుంచించుకుపోతుంది. మళ్ళీ సాగదు. దాచేటప్పుడు ఉతికి, బాగా ఆరాకే జిప్ కవర్లో పెట్టండి. పురుగు ముందు పట్టేది చెమట మరకల్నే. వేపాకు వేసినా మంచిదే కానీ మురికి సాక్సుని వేపాకు కాపాడదు.

మడమ పల్చబడగానే, చిల్లు పడకముందే దారంతో రఫూ చేయండి. లోపల పాత బల్బు ఒకటి పెట్టి, దాని గుండ్రటి వైపు మీద అల్లికని పరిచి, ముందు నిలువు పోగులు వేసి, తర్వాత వాటి పైనుంచీ కిందనుంచీ అడ్డపోగులు నేయాలి. అందుకే 100 గ్రాముల ఉండలో మిగిలిన దారం పారేయకుండా, ఆ సాక్సులతోపాటే అదే కవర్లో పెట్టండి.